విక్టోరియా కాలపు ఊరి ఆర్కిటెక్ట్ జీవితాన్ని తవ్వి తీయడం ఎలా

మా నాన్న లీడ్స్ వచ్చినప్పుడు సెంటర్‌లో తిప్పుతుంటే, టౌన్ హాల్ ముందు ఆగిపోయి ఆ స్తంభాల వరసనీ పైన గడియారం ఉన్న టవర్‌నీ కాసేపు తలెత్తి చూసి, "దీని మేస్త్రీ ఎవర్రా?" అని అడిగారు. నాకు తెలీదు. ఏళ్ల తరబడి దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్తున్నాను, కట్టిన మనిషి పేరు మాత్రం ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే కత్‌బర్ట్ బ్రాడ్రిక్ అన్న పేరు దొరికింది, దాంతోపాటు ఒకదానితో ఒకటి పొసగని మూడు నాలుగు జీవిత కథలూ దొరికాయి. అలా పట్టుకున్న పిచ్చి ఇది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామందిది ఇదే పరిస్థితి అనుకుంటా. బ్రాడ్‌ఫర్డ్, బోల్టన్, లెస్టర్, ఎక్కడున్నా సరే రోజూ దాటే టౌన్ హాలో, చర్చో, ఇప్పుడు ఫ్లాట్లుగా మారిన పాత మిల్లో ఉంటుంది. వాటిని గీసినవాళ్లలో ఎక్కువమంది లండన్ పెద్దలు కారు. ఆ ఊళ్లోనే ఆఫీసు పెట్టుకుని, అక్కడి వ్యాపారులతో, మేయర్లతో పరిచయాలు పెంచుకుని, పని వెతుక్కుని బతికిన స్థానికులు. అలాంటి ఒక మనిషి జీవితాన్ని కాగితాల్లోంచి ఎలా బయటికి లాగాలో, నేను పడ్డ తిప్పల్లోంచే చెప్తాను. ఉదాహరణ మొత్తం బ్రాడ్రిక్‌దే. మీరు వెతికేది వేరే మనిషినైనా దారి ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఫలానా సంవత్సరం ఫలానా బిల్డింగ్ అని వరసగా రాసేసి దాన్నే జీవిత చరిత్ర అనుకునేవాళ్లు చాలామంది, నేనూ మొదట అదే చేశాను. అసలు కథ గెలిచిన పోటీల్లో కన్నా ఓడిన పోటీల్లో, దాటిపోయిన బడ్జెట్లలో, దివాలా తీసిన కాంట్రాక్టర్‌లో, కూలగొట్టేసిన గోడల్లో, మనిషి ఉన్నట్టుండి ఎక్కడా కనపడకుండా పోయిన సంవత్సరాల్లో ఉంటుంది. డబ్బు ఎటు పోయిందో, మనిషి అడ్రస్ ఎటు మారిందో, ఈ రెండూ పట్టుకోండి చాలు.

మొదటి పని: మనిషిని ఎంచుకుని ఒక్క పేజీ గీత గీయండి

మొదటిసారికి మరీ అనామకుడిని పట్టుకోవద్దు, కాగితం దొరక్క రెండో వారానికే విసుగొస్తుంది. అలాగని లండన్ మహామహుల జోలికీ వెళ్లొద్దు, వాళ్ల మీద ఇప్పటికే లావు పుస్తకాలున్నాయి. మధ్యలోవాడు కావాలి. ఊళ్లో అందరూ చూసే భవనం ఒకటి కట్టి ఉండాలి, మనిషి గురించి మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియకూడదు.

ఇప్పుడు ఒక తెల్ల కాగితం మీద పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అడ్డంగా గీత గీసి, ఖాయంగా తెలిసినవి మాత్రం గుర్తుపెట్టండి. బ్రాడ్రిక్‌కి ఇలా వస్తుంది: 1821 డిసెంబర్ 1న ఓడరేవు ఊరు హల్‌లో పుట్టాడు, నాన్న వ్యాపారి, ఓడల యజమాని. 1837లో హల్‌లోనే హెన్రీ లాక్‌వుడ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనికి చేరాడు. 1844-45లో యూరప్ తిరిగొచ్చి, 1845లో సొంత ఆఫీసు తెరిచాడు. 1852లో లీడ్స్ టౌన్ హాల్ పోటీ, 1858లో దాని ప్రారంభం, 1863కల్లా లీడ్స్‌లోనే ధాన్యం బేరాలాడే కార్న్ ఎక్స్‌ఛేంజ్, 1867లో సముద్రం ఒడ్డు ఊరు స్కార్‌బరోలో గ్రాండ్ హోటల్. 1870కి అటూఇటూగా ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. 1905 మార్చిలో జెర్సీ ద్వీపంలో పోయాడు.

ఇప్పుడు ఆ గీతని దూరంనుంచి చూడండి. మొదటి యాభై ఏళ్లు చుక్కలతో కిక్కిరిసి ఉంది, ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఖాళీ. యాభై కూడా నిండకముందే, పేరు మోగిపోతున్న సమయంలో, పని మానేసి వెళ్లిపోయిన మనిషి అన్నమాట. మీ గీతలో కూడా ఇలాంటి ఖాళీ ఒకటి కచ్చితంగా ఉంటుంది. దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టేయండి.

పేరు స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త

చిన్న విషయమే అనిపిస్తుంది గానీ నాకు రెండు శనివారాలు బలి. బ్రాడ్రిక్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో డి తర్వాత నేరుగా ఆర్ వస్తుంది. నేను మధ్యలో ఇ పెట్టి వెతుకుతూ కూర్చున్నాను, ఎందుకంటే మొదట చూసిన పేజీలో అలాగే ఉంది, పైగా ఆ స్పెల్లింగ్‌తో కూడా బోలెడంతమంది దొరుకుతారు, వాళ్లలో ఎవరో ఒకరు మనవాడే అనిపిస్తారు. అప్పటి పేపర్లవాళ్లు కూడా రెండు రకాలుగానూ అచ్చేశారు. కాబట్టి ఇ తో, ఇ లేకుండా, చివర సి లేకుండా, అన్ని రకాలుగా రాసి పెట్టుకుని అన్నిటితోనూ వెతకండి. పాత పేపర్లని కంప్యూటర్ చదివి అక్షరాలుగా మార్చినప్పుడు ఇంకా కొత్త స్పెల్లింగులు పుట్టుకొస్తాయి. మనిషి పేరుతో దొరక్కపోతే భవనం పేరుతో, వీధి పేరుతో, కాంట్రాక్టర్ పేరుతో వెతకండి, ఎక్కువసార్లు అక్కడే తగుల్తాడు.

వీధి పేర్లతో మాత్రం ఇంకో తిరకాసు ఉంది. ఇప్పుడు టౌన్ హాల్ ముందున్న హెడ్రో అనే పెద్ద రోడ్డు 1920లూ 30ల్లో వెడల్పు చేసి కలిపింది. బ్రాడ్రిక్ కాలపు కాగితాల్లో ఆ చోట ఆ పేరు ఉండదు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి, ఇప్పటి మ్యాపుని వాటి మీద పరిచి చూసుకోవచ్చు. రాత్రి పన్నెండు దాటేదాకా వదలబుద్ధి కాదు, అది వేరే సంగతి.

పుట్టుక, జనాభా లెక్కలు

ఇంగ్లండ్‌లో జనన మరణాలు ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందు పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, చర్చి బాప్టిజం రిజిస్టర్లే దిక్కు. బ్రాడ్రిక్ 1821 మనిషి కాబట్టి సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టి ఆర్డర్ పెట్టొద్దు.

జనాభా లెక్కలు 1841 నుంచి పేరుపేరునా ఉన్నాయి, పదేళ్లకొకసారి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు చెప్తాను. 1841 లెక్కల్లో పదిహేను దాటినవాళ్ల వయసుని కిందున్న అయిదు గుణిజానికి తగ్గించి రాయమని రూలు. ఆ లెక్క జూన్ 6న తీశారు. డిసెంబర్ 1821లో పుట్టినవాడికి ఆరోజుకి 19 ఏళ్లు నిండి ఉంటాయి, రూలు ప్రకారం రాస్తే కాగితం మీద 15 పడాలి. అది చూసి ఈ పిల్లాడు మనవాడు కాదు అని పక్కన పెట్టేస్తే అంతే సంగతులు. 1851 నుంచి అసలు వయసు, పుట్టిన ఊరు రెండూ రాశారు, పని తేలికవుతుంది.

వృత్తి అన్న గడిలో ఏం రాసి ఉందో కూడా చూడండి. బ్రిటన్‌లో ఆర్కిటెక్ట్‌గా రిజిస్టర్ అవడమనేది 1931 చట్టంతో వచ్చింది. విక్టోరియా కాలంలో ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే ఒక లెక్కల్లో సర్వేయర్, ఇంకోదాంట్లో బిల్డర్, పదేళ్ల తర్వాత ఆర్కిటెక్ట్ అని మారిపోతుంటారు. నాకైతే ఒక్కోసారి ఆ మార్పే వాళ్ల కెరీర్ కథ మొత్తం చెప్పేస్తుంది అనిపిస్తుంది.

గురువు ఎవరో పట్టుకోండి

అప్పట్లో ఆర్కిటెక్చర్ కాలేజీలు అంటూ పెద్దగా లేవు. తండ్రి డబ్బు కట్టి కొడుకుని ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో కొన్నేళ్ల ఒప్పందం మీద వదిలేవాడు, అక్కడే గీతలు గీస్తూ, కొలతలు ఎత్తి రాస్తూ నేర్చుకోవడం. అచ్చం మన దగ్గరి శిష్యరికమే. కాబట్టి మీ మనిషి గురువు పేరు దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే తొలి పరిచయాలూ, తొలి పనులూ, తొలి అలవాట్లూ అక్కడినుంచే వస్తాయి.

బ్రాడ్రిక్ విషయంలో ఇది సినిమా కథలా ఉంటుంది. గురువు లాక్‌వుడ్ 1849లో హల్ వదిలి బ్రాడ్‌ఫర్డ్ వెళ్లి విలియం మాసన్‌తో కలిసి లాక్‌వుడ్ అండ్ మాసన్ అనే ఆఫీసు పెట్టాడు. బ్రాడ్‌ఫర్డ్ సెయింట్ జార్జ్ హాల్, ఊలు మిల్లు చుట్టూ కట్టిన సాల్టెయిర్ ఊరు, ఇవన్నీ వాళ్ల పనే, అంటే మామూలు చెయ్యి కాదు. మూడేళ్లకి లీడ్స్ వాళ్లు టౌన్ హాల్‌కి డిజైన్ పోటీ పెట్టారు. గురువూ దిగాడు, శిష్యుడూ దిగాడు. మొదటి బహుమతి బ్రాడ్రిక్‌ది, రెండోది లాక్‌వుడ్ అండ్ మాసన్‌ది. గురువుని మించిన శిష్యుడు అని మనం ఊరికే అనేస్తాం గానీ, లిస్టులో గురువు పేరు తన కింద చూసుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు?

పేపర్లు, టెండర్లు

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి, సరుకంతా ఇక్కడే ఉంది.

ది బిల్డర్ అనే వారపత్రిక 1842 చివర్లో మొదలైంది. మొదలుపెట్టింది జోసెఫ్ హాన్సమ్ (ఆయనా లండన్ బయటి ఆర్కిటెక్టే, బర్మింగ్‌హామ్ టౌన్ హాల్ కట్టబోయి దివాలా తీశాడు, హాన్సమ్ బండి అని లండన్ వీధుల్లో తిరిగిన గుర్రబ్బండి కూడా ఆయన బుర్రలోదే). పాత సంచికలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో బొమ్మలున్న పెద్ద వ్యాసాలు చూసి మురిసిపోయి ఆగిపోకండి. వెనక పేజీల్లో సన్న అక్షరాలతో టెండర్ల లిస్టు ఉంటుంది: ఏ పనికి ఏ కాంట్రాక్టర్ ఎంత కోట్ చేశాడు, ఎవరికి ఇచ్చారు, ఆర్కిటెక్ట్ ఎవరు. ఊరి ఆర్కిటెక్ట్ కట్టిన చిన్నా చితకా స్కూళ్లు, షాపులు, ఎవరి ఇళ్లో, ఇవన్నీ చాలాసార్లు ఈ ఒక్క లైన్‌లో తప్ప ఇంకెక్కడా కనపడవు.

స్థానిక పేపర్లు బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చందా కట్టాలి, కానీ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో వాళ్ల కంప్యూటర్ మీద ఫ్రీగా చూడనిస్తారు, ముందు అడిగి చూడండి. ఒకే సంఘటనని కనీసం రెండు పేపర్లలో చదవండి. లీడ్స్‌లో మెర్క్యురీ లిబరల్ పేపరు, ఇంటెలిజెన్సర్ టోరీ, అంటే కన్జర్వేటివ్‌ల పేపరు. కౌన్సిల్ ఖర్చు గురించి ఒకరు ఊరికి గర్వకారణం అంటే ఇంకొకరికి అది ప్రజల డబ్బు దుబారా. మన పేపర్లు చదివి పెరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా!

పేపర్లలో కాంట్రాక్టర్ పేరు కనపడితే వెంటనే ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్ తెరవండి, అదీ ఆన్‌లైన్‌లో ఉచితమే. దివాలా నోటీసులు, భాగస్వామ్యాలు రద్దయిన నోటీసులు అందులో అచ్చవుతాయి. ఇద్దరు ఆర్కిటెక్టులు ఏ రోజున విడిపోయారో కచ్చితంగా తెలియాలంటే దీనికి మించింది లేదు.

డబ్బు కథ: మినిట్స్ పుస్తకాలు

ఇక ఆన్‌లైన్ వదిలి కాళ్లకి పని చెప్పాలి. కౌన్సిల్ కట్టించిన భవనం అయితే కమిటీ మీటింగుల మినిట్స్ జిల్లా ఆర్కైవ్స్‌లో ఉంటాయి, లీడ్స్‌కి వెస్ట్ యార్క్‌షైర్ ఆర్కైవ్ సర్వీస్. ముందుగా ఈమెయిల్ పెట్టి ఏ పుస్తకం కావాలో చెప్పి వెళ్లండి, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లండి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ మాత్రమే. వాళ్లు తెచ్చి స్పాంజి దిండు మీద పెట్టే ఆ పుస్తకం మీరనుకున్న దానికి రెండింతలు బరువుంటుంది, చేతిరాత మొదటి అరగంట అస్సలు అర్థం కాదు, ఆ తర్వాత ఉన్నట్టుండి కన్ను అలవాటుపడిపోతుంది.

ఏం వెతకాలి? అంచనా, టెండర్, చివరి బిల్లు, ఈ మూడు అంకెలు. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. లీడ్స్ టౌన్ హాల్‌కి మొదట అనుకున్నది నలభై వేల పౌన్ల లోపు. చివరికి తేలింది సుమారు 1,22,000 పౌన్లు. మూడు రెట్లు! అది ఎలా పెరిగిందన్న దాంట్లోనే బ్రాడ్రిక్ మనిషి కనపడతాడు.

కౌన్సిల్ వాళ్లకి మొదట్నుంచీ ఒక భయం: ముప్పై చుట్టుపక్కల వయసున్న కుర్రాడు, ఇంత పెద్ద పని ఎప్పుడూ చేయలేదు, మోయగలడా అని. పోటీకి సలహాదారు సర్ చార్లెస్ బ్యారీ, లండన్‌లో పార్లమెంట్ భవనం కట్టినాయన. ఈ అబ్బాయిని నమ్మొచ్చు అని ఆయన భరోసా ఇచ్చాడు. 1853 ఆగస్ట్ 17న మేయర్ జాన్ హోప్ షా శంకుస్థాపన చేశాడు. తర్వాత మొదలైంది టవర్ గొడవ. టవర్ లేకపోయినా టౌన్ హాల్ పనులు ఆగవు, మరి ఎందుకు అంత ఖర్చు అని ఒక పక్షం, పక్కనే బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు సెయింట్ జార్జ్ హాల్ కట్టుకుని కూర్చుంటే మనం తగ్గడమేంటి అని ఇంకో పక్షం. జాన్ డీకిన్ హీటన్ అనే డాక్టర్ టవర్ కావాల్సిందే అని ఊళ్లో గట్టిగా ప్రచారం చేశాడు. ఏళ్లు వాదించుకుని 1856లో సరే అన్నారు. ఈరోజు ఆ 225 అడుగుల టవర్ లేకుండా లీడ్స్ బొమ్మ గీయమంటే ఎవరూ గీయలేరు.

ఇక మా నాన్న అడిగిన మేస్త్రీ. ఆయన పేరు శామ్యూల్ అటాక్, కాంట్రాక్టర్. నలభై వేల చిల్లర పౌన్లకి పని ఒప్పుకున్నాడు. పని నడుస్తుండగానే, 1857లో, దివాలా తీశాడు. మిగతాది వేరేవాళ్లతో పూర్తి చేయించారు. 1858 సెప్టెంబర్ 7న విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ప్రారంభించింది, అప్పటి మేయర్ పీటర్ ఫెయిర్‌బెయిర్న్‌కి సర్ బిరుదు దక్కింది. ఒకే భవనం ఒకరికి బిరుదు ఇచ్చింది, ఇంకొకరిని నడిరోడ్డు మీద నిలబెట్టింది. మీరు రాసేటప్పుడు 'ఎవరు కట్టారు' అన్న ప్రశ్నకి గీసినవాడు, కట్టినవాడు, డబ్బిచ్చినవాడు అని మూడు గళ్లు పెట్టుకోండి, మూడూ నింపేదాకా వదలొద్దు.

ఇంకోటి, ఆర్కిటెక్ట్ ఫీజు మామూలుగా మొత్తం ఖర్చులో అయిదు శాతం. అంటే ఖర్చు పెరిగే కొద్దీ ఫీజూ పెరుగుతుంది. దీన్ని పట్టుకుని మీ మనిషిని దొంగ అనేయకండి, కానీ కౌన్సిలర్లు ఆ కంటితో ఎందుకు చూసేవాళ్లో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

భవనం దగ్గరికి వెళ్లి నిలబడండి

కాగితాలు కొంత చదివాకే వెళ్లండి, అప్పుడు కన్ను వేరేగా చూస్తుంది. లీడ్స్ కార్న్ ఎక్స్‌ఛేంజ్ నేను మొదట కాఫీ తాగడానికి మాత్రమే వెళ్లిన చోటు, ఇప్పుడది షాపులూ కెఫేలూ ఉన్న బిల్డింగ్. బయటినుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, రాళ్లన్నీ కొసలు తేలి వజ్రం చెక్కినట్టు ఉంటాయి. లోపలికెళ్లి పైకి చూస్తే పెద్ద గుమ్మటం, దాంట్లో ఉత్తరం వైపు విశాలంగా అద్దాలు. ఎందుకు ఉత్తరం? ఇంగ్లండ్‌లో ఉత్తరం నుంచి నేరుగా ఎండ పడదు, వెలుతురు రోజంతా ఒకేలా నీడ లేకుండా ఉంటుంది. ఆ వెలుతురులో వ్యాపారి అరచేతిలో గింజలు పోసుకుని రంగు, పుచ్చు, తేమ చూసుకుని బేరం ఆడాలి. మన మార్కెట్ యార్డుల్లో కొనేవాళ్లు గుప్పెడు గింజలు తీసి వెలుగులోకి పట్టి చూడటం ఎప్పుడైనా చూసుంటే, ఆ పైకప్పు మీకు ఒక్క క్షణంలో అర్థమైపోతుంది, ఏ వ్యాసం చదవక్కర్లేదు.

అందుకే నోట్స్‌లో శైలి పేర్లు రాసుకునే ముందు, ఈ కిటికీ ఇక్కడెందుకుంది, ఈ తలుపు ఇంత వెడల్పెందుకు, జనం ఎటునుంచి వచ్చేవాళ్లు అని రాసుకోండి. శిలాఫలకం ఉంటే ప్రతి అక్షరం ఫొటో తీయండి. పాత కట్టడాల బాగోగులు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ల జాబితాలో ఆ భవనం ఎంట్రీ చదవండి. టౌన్ హాలూ, కార్న్ ఎక్స్‌ఛేంజూ రెండూ గ్రేడ్ 1, అంటే అనుమతి లేకుండా కదపడానికి వీల్లేని, అన్నిటికన్నా పై స్థాయి.

కూలిపోయినవీ, వేరేవాళ్లవీ

నిలబడి ఉన్నవి మాత్రమే లెక్కేస్తే మనిషి సగమే కనపడతాడు. హల్‌లో బ్రాడ్రిక్ కట్టిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1943 బాంబు దాడిలో పోయింది. హల్ టౌన్ హాల్ 1866లో పూర్తయింది, యాభై ఏళ్లు కూడా నిలవలేదు, ఆ స్థలంలో గిల్డ్‌హాల్ అనే కొత్త కౌన్సిల్ భవనం వచ్చింది. కానీ పాత టౌన్ హాల్ మీది చిన్న గుమ్మటం ఇప్పటికీ పియర్సన్ పార్క్‌లో గడ్డి మీద ఒంటరిగా నిలబడి ఉంది. ఎవరి ఇంటి తలుపో ఇంకెవరి దొడ్లోనో చూసినట్టు ఉంటుంది. లీడ్స్ కుక్‌రిడ్జ్ స్ట్రీట్‌లో తూర్పుదేశాల శైలిలో కట్టిన స్నానశాల, కింగ్ స్ట్రీట్ గోదాములు, రెండూ 1960ల్లో పడగొట్టేశారు. వీటికి పాత ఫొటోలు స్థానిక లైబ్రరీల ఫొటో సేకరణల్లో వెతకండి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటుంది, పోలిక చూసి అంటగట్టేయడం. బోల్టన్ టౌన్ హాల్ చూసిన ఎవరైనా ఇది లీడ్స్ టౌన్ హాల్ తమ్ముడు అంటారు, అదే స్తంభాలు, అదే టవర్. అది బ్రాడ్రిక్‌ది కాదు. లీడ్స్‌కే చెందిన విలియం హిల్ గీసింది, 1873లో తెరిచారు. కాగితం మీద పేరు కనపడేదాకా 'ఆయన శైలిలా ఉంది' అని మాత్రమే రాయండి.

గైడ్లు చెప్పే చక్కటి అంకెల దగ్గర కూడా కాస్త ఆగండి. స్కార్‌బరో గ్రాండ్ హోటల్ గురించి ఎక్కడ చదివినా నాలుగు టవర్లు నాలుగు రుతువులకి, పన్నెండు అంతస్తులు నెలలకి, 52 పొగగొట్టాలు వారాలకి, 365 గదులు రోజులకి అని ఉంటుంది. వినడానికి భలే ఉంది. 1867లో తెరిచినప్పటి పేపర్ రిపోర్టులు తీసి, అప్పుడే ఈ మాట అన్నారా, తర్వాత ఎవరైనా అతికించారా అని చూసుకున్నాకే మీ వ్యాసంలో వాడండి. సముద్రం పక్కన కొండ అంచున ఆ పసుపు ఇటుకల కొండని చూస్తే ఏ లెక్కా లేకుండానే నోరు తెరుస్తారు, అది మాత్రం నా గ్యారంటీ.

మనిషి మాయమైనప్పుడు

ఎర్ర పెన్నుతో చుట్టిన ఖాళీ దగ్గరికి వచ్చాం. జనాభా లెక్కల్లో కనపడకపోతే చనిపోయాడని అనుకోకండి. దేశం దాటాడేమో చూడండి. బ్రాడ్రిక్ 1865-68 మధ్య లీడ్స్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ కట్టి (ఇప్పుడది లీడ్స్ సిటీ మ్యూజియం), ఆ తర్వాత పారిస్ వైపు వెళ్లిపోయాడు. చివరి రోజులకి జెర్సీ చేరాడు. దీని మీద గాలి కబుర్లు చిలవలు పలవలుగా ఉన్నాయి, ఎవరితో వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు అని. కాగితం లేని కబురుని నేను రాయను, మీరూ రాయొద్దు, పోయి వందేళ్లు దాటినా సరే.

ఇంగ్లండ్, వేల్స్‌లో వీలునామాల జాబితా 1858 నుంచి ఒకే చోట ఉంది, ఆన్‌లైన్‌లో పేరుతో వెతకొచ్చు. కానీ జెర్సీ వేరు. అది బ్రిటన్ రాజు కిందున్నా చట్టం, రికార్డులు అన్నీ విడిగా ఉంటాయి, అక్కడి ఆర్కైవ్‌ని విడిగా అడగాలి. బ్రాడ్రిక్ సమాధి సెయింట్ మార్టిన్ చర్చి ఆవరణలో ఉంది. మన దగ్గర పనిచేసిన రాబర్ట్ చిషోమ్ లాంటివాళ్లని, అదే మద్రాసు సెనేట్ హౌస్ కట్టినాయన, వెతుకుతుంటే మాత్రం బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులకి వెళ్లాలి.

తెలుగులో రాసేటప్పుడు

మాటల దగ్గర మోసపోతాం. కార్న్ ఎక్స్‌ఛేంజ్ అనగానే మనకి మొక్కజొన్న గుర్తొస్తుంది, బ్రిటన్‌లో ఆ మాటకి గోధుమ, బార్లీ లాంటి ధాన్యం అంతా అని అర్థం. మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అంటే మా ఫ్రెండ్ బండ్లు రిపేర్ చేసే చోటు అనుకున్నాడు, అది పనివాళ్లకి సాయంత్రం క్లాసులూ లైబ్రరీ నడిపిన సంస్థ. గోపురం అన్న మాటని టవర్‌కీ, గుమ్మటానికీ రెంటికీ వాడేస్తాం, రెండూ ఉన్న మనిషి గురించి రాస్తూ అలా చేస్తే చదివేవాడికి ఏది ఎక్కడుందో తెలీదు. టవర్ అనో గుమ్మటం అనో తేల్చేయండి. పౌన్లని ఇప్పటి రూపాయల్లోకి మార్చొద్దు, ఆ లెక్క ఎవరు వేసినా ఒక్కోలా వస్తుంది. అంచనా ఎంత, చివరికి ఎంత అని పక్కపక్కన పెడితే చాలు, విషయం తెలిసిపోతుంది.

ప్రతి వాక్యం పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో మీ కోసమైనా రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

అంతా అయ్యాక, ఈ విషయం బొత్తిగా తెలియని ఒకరికి చదివి వినిపించండి. నేను మా నాన్నకి వీడియో కాల్‌లో వినిపించాను. బ్యారీ, రాణి, టవర్, గుమ్మటం అన్నీ ఊ కొట్టుకుంటూ విన్నారు. చివర్లో, "ఆ అటాక్ దివాలా తీశాడన్నావు కదా, మరి ఆయన కింద పనిచేసిన కూలీలకి డబ్బులు ఎవరిచ్చార్రా?" అన్నారు. కాల్ పెట్టేసి, మళ్లీ గెజిట్ తెరిచి కూర్చున్నాను.